డాక్యుమెంటేషన్ నువ్వు చూసుకో

రెండో సంవత్సరం మినీ ప్రాజెక్టుకి మా బ్యాచ్‌లో నలుగురం. టాపిక్ అటెండెన్స్ ట్రాకర్. పని పంచుకున్న రోజు క్యాంటీన్‌లో కూర్చుంటే ఒకరు డేటాబేస్ తీసుకున్నారు, ఒకరు ఫ్రంటెండ్, ఇంకొకరు బ్యాకెండ్. నా వంతు వచ్చేసరికి ముగ్గురూ ఒకేసారి డాక్యుమెంటేషన్ నువ్వు చూసుకో అనేశారు. నీ ఇంగ్లిష్ బాగుంటుంది, హ్యాండ్‌రైటింగ్ కూడా బాగుంటుంది అని కారణం కూడా చెప్పారు. టైప్ చేసేదానికి హ్యాండ్‌రైటింగ్‌తో ఏం పని అని అడగాలనిపించింది. అడగలేదు. నవ్వి ఊరుకున్నాను.

హాస్టల్‌కి వచ్చాక మాత్రం బాగా కోపం వచ్చింది. మన దగ్గర డాక్యుమెంటేషన్ అంటే ఏంటో అందరికీ తెలుసు. కోడ్ రన్ అయ్యాక, రివ్యూకి రెండు రోజుల ముందు సీనియర్ల ఫైల్ అడిగి తెచ్చుకుని, పేర్లూ రోల్ నంబర్లూ మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించడం. ల్యాబ్ రికార్డు సంగతీ అంతే. సీనియర్ రికార్డులో తప్పు ఉంటే ఆ తప్పు కూడా శ్రద్ధగా దింపేస్తాం. అలాంటి పని నాకు ఇచ్చారంటే, అసలు పని నాకు ఇవ్వలేదనే కదా అర్థం.

ఆ కోపంలోనే అడా లవ్‌లేస్ గురించి చదవడం మొదలుపెట్టాను. ఫస్టియర్ క్విజ్‌లో ఒక మార్కు ప్రశ్నగా ఆమె పేరు మనందరికీ వచ్చు. ప్రపంచంలో మొదటి ప్రోగ్రామర్ ఎవరు అంటే అడా లవ్‌లేస్ అని టిక్ పెట్టి వచ్చేశాం. అయితే ఆమెకి ఆ పేరు తెచ్చింది ఒక డాక్యుమెంటేషన్ అని నాకు అప్పటిదాకా తెలీదు. మెషీన్ ఆమెది కాదు. దాని గురించి వ్యాసం రాసింది కూడా ఆమె కాదు. ఆ వ్యాసాన్ని అనువాదం చేసి, చివర్లో నోట్స్ చేర్చింది. అంతే. ఆ నోట్స్ వల్లే ఇవాళ మనకి ఆమె పేరు తెలుసు.

అడా 1815 డిసెంబర్ 10న లండన్‌లో పుట్టింది. పూర్తి పేరు ఆగస్టా అడా బైరన్. తండ్రి లార్డ్ బైరన్, ఆ రోజుల్లో ఇంగ్లండ్ అంతా పేరు మోగిపోయిన కవి. పేరుతో పాటు అపఖ్యాతీ ఉంది, అప్పులూ ఉన్నాయి. అడాకి నెల నిండిందో లేదో తల్లి ఆనాబెల్లా బిడ్డని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. కొన్ని నెలలకే బైరన్ దేశం విడిచి వెళ్ళాడు, మళ్ళీ తిరిగి రాలేదు. 1824లో గ్రీసులో చనిపోయాడు. అప్పటికి అడాకి ఎనిమిదేళ్ళు. ఊహ తెలిశాక తండ్రిని చూసింది లేదు.

తల్లికి లెక్కలంటే ఇష్టం. కూతురికి తండ్రి పోలికలు రాకూడదని చిన్నప్పటి నుంచే లెక్కల మాస్టార్లని పెట్టింది. కవిత్వం జోలికి పోకుండా లెక్కలు కాపాడతాయని ఆవిడ నమ్మకం. మన ఇళ్ళలో పిల్లలు సినిమాలకి పోకుండా ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించినట్టు అనమాట. కానీ అడా పన్నెండేళ్ళ వయసులో ఎగరాలనుకుంది. పక్షుల రెక్కలు ఎలా ఉంటాయో, ఏ వస్తువుతో రెక్కలు చేసుకోవాలో చూసి ప్లాన్లు రాసుకుంది. తర్వాత తట్టు సోకి కాళ్ళు చచ్చుపడి చాలా కాలం మంచం మీదే ఉండిపోయింది. లేచాక కూడా కొన్నాళ్ళు కర్రల సాయంతోనే నడిచింది. లెక్కలు మాత్రం ఆపలేదు.

ఆమెకి దారి చూపించిన వాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మేరీ సోమర్విల్. లాప్లాస్ ఖగోళ గణితం మీద ఫ్రెంచిలో రాసిన గ్రంథాన్ని సోమర్విల్ ఇంగ్లిష్‌లోకి తెచ్చింది. ఊరికే అనువదించి వదల్లేదు, అర్థం కాని చోటల్లా వివరణలు చేర్చింది. 1831లో వచ్చిన ఆ పుస్తకాన్ని కేంబ్రిడ్జ్‌లో పాఠ్యపుస్తకంగా వాడారు. ఇంకొకరి గొప్పదనాన్ని విప్పి చెప్పడం కూడా ఒక గొప్ప పనే అని అడా ముందుగా చూసింది ఈవిడలోనే అనుకుంటాను.

రెండో వ్యక్తి అగస్టస్ డి మోర్గాన్. అవును, డిజిటల్ లాజిక్‌లో మనం బట్టీ పట్టే డి మోర్గాన్ సూత్రాలు ఆయనవే. ఆయన పుట్టింది మన పక్కనే, మదురైలో. 1840 నుంచి ఆయన అడాకి ఉత్తరాల ద్వారా క్యాలిక్యులస్ నేర్పించాడు. పోస్టులో ట్యూషన్ అనమాట. అర్థం కాని స్టెప్పు దగ్గర అడా ముందుకి కదిలేది కాదు. ఎందుకు అలా అయిందో చెప్పమని మళ్ళీ ఉత్తరం రాసేది.

ఇక ఛార్లెస్ బాబేజ్. 1833 జూన్‌లో ఒక విందులో అడా ఆయన్ని కలిసింది. ఆమెకి పదిహేడేళ్ళు, ఆయనకి నలభై ఒకటి. తర్వాత కొద్ది రోజులకే తల్లితో కలిసి ఆయన ఇంటికి వెళ్ళి డిఫరెన్స్ ఇంజన్‌లో తయారైన ఒక భాగం పనిచేయడం చూసింది.

డిఫరెన్స్ ఇంజన్ ఎందుకు పుట్టిందో ఇక్కడ చెప్పుకోవాలి, తర్వాత పనికొస్తుంది. ఆ రోజుల్లో నావికులు, ఇంజనీర్లు, బ్యాంకుల వాళ్ళు అందరూ అచ్చు పుస్తకాల్లోని పట్టికల మీద ఆధారపడేవాళ్ళు. మన ఇంటర్లో లాగరిథమ్ టేబుల్స్ లాంటివి. వాటిని మనుషులు లెక్కగట్టేవాళ్ళు, మనుషులే చేత్తో రాసేవాళ్ళు, మనుషులే అచ్చు కూర్చేవాళ్ళు. మూడు చోట్లా తప్పులు దొర్లేవి. లెక్కించడం దగ్గర నుంచి అచ్చు వేసేదాకా మనిషి చెయ్యి తగలకుండా మెషీనే చేయాలని బాబేజ్ పట్టుదల. ప్రభుత్వం దాదాపు 17,000 పౌండ్లు ఇచ్చింది. కానీ పని సాగదీసింది, మెషీన్ కట్టే ఇంజనీరుతో గొడవ వచ్చింది, 1842లో ప్రభుత్వం చేతులు దులుపుకుంది.

ఈలోపే, 1834 నుంచి బాబేజ్ మనసు ఇంకో మెషీన్ మీదికి పోయింది. అదే అనలిటికల్ ఇంజన్. డిఫరెన్స్ ఇంజన్‌కి ఒకే రకం పని వచ్చు. దీనికి ఏ లెక్క చెబితే ఆ లెక్క చేయాలి. అంకెలు దాచుకునే చోటుకి స్టోర్ అని, లెక్క జరిగే చోటుకి మిల్ అని పేరు పెట్టాడు. మన ఊళ్ళో రైస్ మిల్లు ఎలాగో అలాగే. గోదాములోంచి బస్తా మిల్లుకి వెళ్తుంది, మర ఆడి మళ్ళీ గోదాముకి వస్తుంది. ఇప్పటి మాటల్లో మెమరీ, ప్రాసెసర్. ఏం చేయాలో చెప్పడానికి చిల్లులు పెట్టిన అట్టలు. ఆ ఆలోచన ఫ్రాన్సులో జకార్డ్ కనిపెట్టిన మగ్గం నుంచి తీసుకున్నాడు. ధర్మవరం పట్టుచీరల మగ్గాలు చూసిన వాళ్ళకి జకార్డ్ పేరు కొత్త కాదు.

ఇంత ఆలోచన చేసిన మనిషి, దాని గురించి పదిమందికీ అర్థమయ్యేలా ఒక వివరణ మాత్రం రాసి అచ్చు వేయలేదు. డ్రాయింగులు కుప్పలుగా గీశాడు. మెషీన్‌లో ఏ చక్రం ఎప్పుడు కదులుతుందో రాయడానికి ఒక సంకేతాల పద్ధతే కనిపెట్టి 1826లో ప్రచురించాడు. అంటే నోట్స్ రాసుకోని మనిషి కాదు. కానీ అవన్నీ ఆయనకి అర్థమయ్యే రాతలు. బయటి మనిషి వచ్చి ఇదేంటి, దీంతో ఏం లాభం అని అడిగితే చేతిలో పెట్టడానికి ఒక కాగితం లేదు. మన సీనియర్లు వదిలి వెళ్ళే ప్రాజెక్ట్ ఫోల్డర్లు చూస్తే నాకు బాబేజే గుర్తొస్తాడు. ఫైళ్ళన్నీ ఉంటాయి, రీడ్‌మీ ఒక్కటి ఉండదు.

ఆ వివరణ చివరికి ఇటలీ నుంచి వచ్చింది. 1840లో బాబేజ్ ట్యూరిన్ నగరానికి వెళ్ళి అక్కడి శాస్త్రవేత్తలకి తన మెషీన్ గురించి చెప్పాడు. విన్నవాళ్ళలో లుయిజి మెనాబ్రియా అనే సైనిక ఇంజనీర్ ఉన్నాడు. తర్వాత రోజుల్లో ఇటలీ ప్రధానమంత్రి కూడా అయ్యాడు. ఆయన ఫ్రెంచిలో ఒక వ్యాసం రాస్తే 1842లో జెనీవా పత్రికలో అచ్చయింది. అనలిటికల్ ఇంజన్ గురించి అచ్చులో వచ్చిన మొదటి సరైన వివరణ అదే.

అడా అప్పటికి కుటుంబిని. 1835లో విలియం కింగ్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయనకి 1838లో ఎర్ల్ ఆఫ్ లవ్‌లేస్ బిరుదు వచ్చింది కాబట్టి ఆమె లవ్‌లేస్ అయింది. ముగ్గురు పిల్లలు. ఆరోగ్యం అంతంతమాత్రం. ఆ వ్యాసాన్ని ఇంగ్లిష్ చేయమని ఆమెకి సూచించింది ఛార్లెస్ వీట్‌స్టోన్. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మనల్ని ఏడిపించిన వీట్‌స్టోన్ బ్రిడ్జ్ ఆయన పేరు మీదే ఉంది. అడా అనువాదం పూర్తి చేసి బాబేజ్‌కి చూపించింది. నీకు ఇంత బాగా తెలిసినప్పుడు నువ్వే సొంతంగా ఒక వ్యాసం రాయొచ్చు కదా అని ఆయన అడిగాడు. ఆ ఆలోచనే తనకి రాలేదంది. అయితే కనీసం నోట్సయినా చేర్చు అన్నాడు.

ఈ చోట చదివి నేను కాసేపు ఆగాను. నాకు డాక్యుమెంటేషన్ ఇచ్చారని కోపం. ఆమెకి దానికన్నా పెద్ద పని చేయొచ్చని తోచనే లేదు. ఎవరూ తోచనివ్వలేదేమో.

1843 వసంతం నుంచి వేసవి దాకా ఆ నోట్స్ పని సాగింది. ఏ నుంచి జీ దాకా ఏడు నోట్స్. పూర్తయ్యేసరికి అసలు వ్యాసం కన్నా రెండింతలు దాటిపోయాయి. ఇద్దరి మధ్యా ఉత్తరాలు అటూ ఇటూ పరుగులు పెట్టాయి. ప్రతి చిన్న విషయం ఆమె అడిగేది. మెషీన్‌లో ఈ పరిస్థితి వస్తే ఏమవుతుంది, ఈ అట్ట మళ్ళీ వెనక్కి తిరుగుతుందా, ఇలా. తను రాసిన ఒక నోట్‌ని బాబేజ్ తనని అడక్కుండా మార్చాడని గట్టిగా కోప్పడింది కూడా.

ఆ నోట్స్‌లో ఏముందో టూకీగా చెప్తాను. మొదటి నోట్‌లో డిఫరెన్స్ ఇంజన్‌కీ అనలిటికల్ ఇంజన్‌కీ తేడా చెప్పింది. చేసే పని వేరు, ఆ పని జరిగే వస్తువు వేరు అని విడదీసింది. మెషీన్ అంకెల మీద పనిచేస్తుంది కానీ ఆ అంకెలు వేటికి గుర్తులైనా కావచ్చు. సంగీతంలో స్వరాల మధ్య ఉండే సంబంధాలని నియమాలుగా రాయగలిగితే మెషీన్ సంగీతం కూడా కూర్చగలదు అంది. ఈ ముక్క బాబేజ్ ప్రచురించిన రాతల్లో ఎక్కడా లేదు. ఆయన లెక్కల మెషీన్ కట్టాలనుకున్నాడు. అది లెక్కలు దాటి ఎక్కడిదాకా పోగలదో వివరణ రాస్తున్న ఆమెకి కనబడింది.

మరో నోట్‌లో ఒకే వరుస పనులు మళ్ళీ మళ్ళీ జరిగే చక్రాల గురించి, చక్రంలో చక్రం గురించి రాసింది. మనం లూప్ అంటాం, నెస్టెడ్ లూప్ అంటాం. చివరి నోట్‌లో ఈ మెషీన్ గురించి లేనిపోని గొప్పలు పోవద్దని హెచ్చరించింది. తనంతట తాను కొత్తది పుట్టించలేదు, ఎలా చేయాలో మనకి తెలిసి చెప్పగలిగినదే చేస్తుంది అని. దాదాపు వందేళ్ళ తర్వాత, 1950లో ఆలన్ ట్యూరింగ్ మెషీన్లు ఆలోచిస్తాయా అని వ్యాసం రాస్తూ, ఆమె పేరు పెట్టి మరీ ఈ అభ్యంతరానికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ చివరి నోట్‌లోనే ప్రసిద్ధమైన పట్టిక ఉంది. బెర్నౌలీ సంఖ్యల్ని మెషీన్ ఎలా లెక్కగడుతుందో చూపించే పట్టిక. ఈ బెర్నౌలీ మన ఫ్లూయిడ్స్‌లో వచ్చే డేనియల్ కాదు, ఆయన పెదనాన్న జాకబ్. పట్టిక చాలా పెద్దది. అడా పెన్సిల్‌తో గీస్తే భర్త కూర్చుని దాని మీద ఇంకు దిద్దాడు. పెళ్ళాం అసైన్‌మెంట్‌కి మొగుడు ఫెయిర్ కాపీ రాసిపెట్టాడు అనమాట.

అందులో 25 అడుగులున్నాయి. ఒక్కో అడుగుకి ఒక్కో వరుస. ప్రతి వరుసలో అడుగు నంబరు, చేసే పని కూడికా తీసివేతా గుణకారమా భాగహారమా అన్నది, ఏ రెండు స్థానాల మీద పని, జవాబు ఎక్కడ పెట్టాలి, దేని విలువ మారింది, ఆ జవాబుకి బీజగణితంలో అర్థం ఏంటి, అన్నీ పక్కపక్కనే గడుల్లో ఉంటాయి. ఒక్కో స్థానం పేరు పక్కన, ఎడమవైపు పైన, చిన్న అంకె వేసింది. ఆ స్థానంలో విలువ ఎన్నోసారి మారిందో చెప్పే గుర్తు అది. వేరియబుల్‌కి వెర్షన్ నంబర్ లాంటిది. 13వ అడుగు నుంచి 23వ అడుగు దాకా మళ్ళీ చేయాలని పట్టికలోనే రాసి ఉంటుంది. కోడ్ ఒక ఫైల్‌లో, వివరణ ఇంకో ఫైల్‌లో పెట్టలేదు. ఒకే వరుసలో ఎడమవైపు మెషీన్‌కి చెప్పేది, కుడివైపు మనిషికి చెప్పేది.

ఆ రోజు రాత్రి నేను నోట్‌బుక్ తీసుకుని ఆ పట్టికని డ్రై రన్ చేయడం మొదలుపెట్టాను. ఆమె తీసుకున్న ఉదాహరణలో ఎన్ విలువ 4. మొదటి అడుగులో 2ని 4తో గుణిస్తే 8. అది మూడు స్థానాల్లో పడుతుంది. రెండో అడుగులో నాలుగో స్థానంలోంచి 1 తీసేస్తే 7. మూడో అడుగులో ఐదో స్థానానికి 1 కలిపితే 9. నాలుగో అడుగు భాగహారం. ఐదో స్థానాన్ని నాలుగో స్థానంతో భాగించమని ఉంది. అంటే 9/7. అదే వరుసలో కుడివైపు గడి చూశాను. అక్కడ ఆమె రాసిన అర్థం ప్రకారం రావాల్సింది 7/9.

ముందు నేనే తప్పు చేశాననుకున్నాను. మళ్ళీ చేశాను. తిప్పి చదివాను. తప్పు పట్టికలోనే ఉంది. ఈ సంగతి నేను కనిపెట్టిందేం కాదు, ఈ పట్టిక మీద పనిచేసిన వాళ్ళకి బాగా తెలిసిన తప్పే. ప్రపంచంలో అచ్చయిన మొట్టమొదటి ప్రోగ్రాముల్లో ఒకటి అనుకునే దానిలో నాలుగో లైన్లో బగ్. పట్టికల్లో అచ్చు తప్పులు ఉండకూడదని పుట్టిన మెషీన్ల కథలో, పట్టికలోనే తప్పు.

కానీ నన్ను పట్టుకున్నది ఆ తప్పు కాదు. అది తప్పు అని మనకి ఎలా తెలిసింది అన్నది. ఎడమవైపు గడులు మాత్రమే ఉండి ఉంటే, అంటే ఉత్త కోడ్ మాత్రమే ఉండి ఉంటే, 9/7 తేవడమే ఆమె ఉద్దేశం అనుకునేవాళ్ళం. లెక్క అంతా మొదటి నుంచి తవ్వితే తప్ప తేలేది కాదు. కుడివైపు గడి ఉంది కాబట్టి ఆ వరుస తనకి తానే సాక్ష్యం చెప్తోంది. మెషీన్‌కి చెప్పిన మాట తప్పింది, మనిషికి చెప్పిన మాట సరిగ్గా ఉంది.

అలాగని డాక్యుమెంటేషన్ ఉంటే చాలు అని కూడా కాదు. ఆ మెషీన్ కట్టి ఉంటే, అట్టలు గుచ్చి ఒక్కసారి తిప్పి ఉంటే, జవాబు తేడా వచ్చి ఆ సాయంత్రమే తప్పు దొరికేది. రన్ చేయడానికి ఏమీ లేదు కాబట్టి అది కాగితం మీద అలాగే ఉండిపోయింది. బాబేజ్ దగ్గర మెషీన్ ఆలోచన ఉంది, చెప్పే ఓపిక లేదు. అడా దగ్గర చెప్పే శక్తి ఉంది, పరీక్షించే మెషీన్ లేదు. నష్టం ఇద్దరికీ జరిగింది.

నోట్స్ అచ్చుకి వెళ్ళే ముందు ఇద్దరికీ పెద్ద గొడవ అయింది. ప్రభుత్వం తనని ఎలా మోసం చేసిందో తిట్టిపోస్తూ బాబేజ్ ఒక ముందుమాట రాసి, కింద సంతకం లేకుండా దీనికి జతచేయాలన్నాడు. అడా ఒప్పుకోలేదు. అయితే వ్యాసమే వెనక్కి తీసుకో అన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. అచ్చు వేస్తామని మాట ఇచ్చాక తప్పడం కుదరదంది. 1843లో అది సైంటిఫిక్ మెమాయిర్స్ అనే పత్రికలో ఆ ముందుమాట లేకుండానే వచ్చింది. నోట్స్ కింద పేరు లేదు, ఏ.ఏ.ఎల్. అన్న మూడు అక్షరాలే ఉన్నాయి.

ఆ ఆగస్టులోనే ఆమె బాబేజ్‌కి 16 పేజీల ఉత్తరం రాసింది. మెషీన్ డిజైన్ నువ్వు చూసుకో, డబ్బు, జనం, ప్రభుత్వం, ఈ వ్యవహారమంతా నాకు వదిలెయ్ అన్నది దాని సారాంశం. ఆయన వద్దన్నాడు. స్నేహం నిలిచింది కానీ మెషీన్ ముందుకి కదల్లేదు. ఆ ఉత్తరానికి ఆయన సరే అని ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

తర్వాతి తొమ్మిదేళ్ళు చదవడానికి కష్టంగా ఉంటుంది. గుర్రప్పందేల్లో దిగి అప్పుల పాలయింది. కుటుంబ వజ్రాలు తాకట్టు పెడితే తల్లి విడిపించింది. గర్భాశయ క్యాన్సర్ వచ్చింది. చివరి నెలలు నొప్పితోనే గడిచాయి. 1852 నవంబర్ 27న చనిపోయింది. ముప్పై ఏడు నిండలేదు. తండ్రి పోయింది కూడా ముప్పై ఆరేళ్ళకే. తను కోరినట్టే హక్‌నాల్ అనే ఊరి చర్చిలో, ఎన్నడూ చూడని ఆ తండ్రి పక్కనే సమాధి చేశారు.

బాబేజ్ 1871 దాకా బతికాడు. అనలిటికల్ ఇంజన్ పూర్తిగా ఎప్పటికీ తయారు కాలేదు. నోట్స్ మాత్రం చావలేదు. 1889లో బాబేజ్ కొడుకు తండ్రి మెషీన్ల మీద తెచ్చిన పుస్తకంలో వాటిని మళ్ళీ వేశాడు. అసలు కంప్యూటర్లు వచ్చేశాక, 1953లో, ఇంగ్లండ్‌లో కంప్యూటర్ల మీద వచ్చిన ఒక పుస్తకం వాటిని మళ్ళీ అచ్చు వేసింది. అమెరికా రక్షణ శాఖ తమ కొత్త ప్రోగ్రామింగ్ భాషకి అడా అని పేరు పెట్టింది. ఆ భాషకి ముందుగా వచ్చింది కంపైలర్ కాదు, ఎలా ఉండాలో చెప్పే పత్రాలు. దాని ప్రామాణిక పత్రాన్ని 1980 డిసెంబర్ 10న, అంటే ఆమె పుట్టినరోజున ఆమోదించారు. పత్రం నంబర్ 1815, ఆమె పుట్టిన సంవత్సరం.

బాబేజ్ డ్రాయింగులు కూడా వృథా పోలేదు. ఆయన 1840లలో గీసిన రెండో డిఫరెన్స్ ఇంజన్‌ని లండన్ సైన్స్ మ్యూజియం వాళ్ళు ఆ డ్రాయింగుల నుంచే 1991లో కట్టారు. కడుతుంటే డ్రాయింగుల్లో కొన్ని తప్పులు బయటపడ్డాయి. సరిచేశారు. మెషీన్ పనిచేసింది.

అడా నిజంగా ప్రోగ్రామరేనా అని ఇప్పటికీ వాదన ఉంది. బాబేజ్ తన కాగితాల్లో అంతకుముందే ఇలాంటి ఉదాహరణలు రాసుకున్నాడు, ఆమె చేసింది వివరించడమే అంటారు కొందరు. బాబేజే 1864లో తన జ్ఞాపకాల్లో దీని గురించి రాశాడు. నోట్స్‌లోని బీజగణితం ఆమెదేనని, బెర్నౌలీ లెక్క మాత్రం ఆమెకి శ్రమ తగ్గిద్దామని తాను చేసి ఇచ్చానని. అక్కడితో ఆగలేదు. అందులో తను చేసిన ఒక పెద్ద తప్పుని ఆమె పట్టుకుని వెనక్కి పంపిందని కూడా చెప్పాడు.

ఉత్త వివరణ రాసేవాళ్ళకి ఇంకొకరి లెక్కలో తప్పు ఎలా దొరుకుతుంది? నాకు దీని జవాబు మా ప్రాజెక్టులో దొరికింది.

కోపం తగ్గాక, ఈసారి సీనియర్ల ఫైల్ తెచ్చుకోకుండా నేనే రాద్దామనుకున్నాను. ప్రతి ఫంక్షన్ తీసి, అడా పట్టికలాగా, ఏం తీసుకుంటుంది, ఏం మారుస్తుంది, వచ్చిన జవాబుకి అర్థం ఏంటి అని పక్కన రాసుకుంటూ పోయాను. పరీక్షకి అర్హత చూసే ఫంక్షన్ దగ్గర, అటెండెన్స్ 75 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే అర్హులు అని రాసి, కోడ్ చూశాను. అక్కడ 75 కన్నా ఎక్కువ అని మాత్రమే ఉంది. 60 క్లాసుల్లో సరిగ్గా 45కి వెళ్ళినవాడిని మా సాఫ్ట్‌వేర్ కండొనేషన్ ఫీజు కట్టమంటుంది.

గ్రూపులో పెడితే మొదట వచ్చిన జవాబు, అయితే డాక్యుమెంట్ మార్చెయ్ అని. అదే తేలిక. కోడ్ రన్ అవుతోంది కదా మరి. నేను మార్చనన్నాను. కాలేజీ రూల్స్ పుస్తకం తీసి చూశాం. 75కి తగ్గకూడదని ఉంది. అంటే 75 ఉంటే చాలు. బ్యాకెండ్ రాసినవాడు ఒక సమానం గుర్తు చేర్చి మళ్ళీ అప్‌లోడ్ చేశాడు. ఒక్క అక్షరం. మూడు వారాలుగా మా నలుగురిలో ఎవరికీ కనబడలేదు. టెస్ట్ డేటాలో సరిగ్గా 75 వచ్చినవాళ్ళు లేరు కాబట్టి.

అది గొప్ప బగ్ ఏం కాదని నాకూ తెలుసు. కానీ ఆ వాక్యం రాయకపోతే నేను ఆ లైన్ చదివేదాన్నే కాదు. చదివినా అందులో తప్పేం కనిపించేది కాదు. అది ఏం చేయాలనుకుంటోందో ఎక్కడా రాసి లేదు కాబట్టి.

వచ్చే సెమిస్టర్ ప్రాజెక్టుకి పని పంచుకోవడం మొన్న అయిపోయింది. మళ్ళీ ఆ నలుగురమే, మళ్ళీ ఆ క్యాంటీనే. ఎవరి మాడ్యూల్‌కి వాళ్ళే డాక్యుమెంటేషన్ రాయాలి, రాసింది పక్కవాళ్ళు చదివి కోడ్‌తో సరిపోల్చాలి అని నేను ముందే చెప్పేశాను. కాస్త గొణిగారు కానీ ఒప్పుకున్నారు. బ్యాకెండ్ నేను తీసుకున్నాను. నా హ్యాండ్‌రైటింగ్ సంగతి ఈసారి ఎవరూ ఎత్తలేదు.